గుంటగలగర: కుండీ నుంచి నూనె సీసా దాకా

పని ఇది: విజయవాడలో మేడ మీద మూడు టబ్బుల్లో గుంటగలగర పెంచి, ఇద్దరు తలకు రాసుకునేంత నూనె ఇంట్లోనే కాచుకోవడం. మిగిలిన లేతాకు పచ్చడికి.

వరి గట్ల మీద, పంటకాలవ ఒడ్డున ఊరికే మొలిచేదాన్ని కుండీలో పెంచడమేమిటని చాలామంది అడుగుతారు. ఊరి పక్క కాలవల్లో ఇప్పుడు పారేది సగం మురుగు. గట్ల మీద పడేది కలుపుమందు. ఈ మొక్క నీటి తడిలోనే బతుకుతుంది కాబట్టి ఆ నీళ్లలో ఉన్నది ఆకులోకీ చేరుతుంది. అలాంటి ఆకు నూనెకూ వద్దు, కూరకూ వద్దు.

ఈ పనిలో చాలావరకు చెడేది నీళ్ల దగ్గరే. మొక్క ఉన్నంతకాలం మట్టి ఆరకూడదు. నూనె దించాక అందులో చుక్క తడి ఉండకూడదు. కింద రాసుకున్న జాగ్రత్తల్లో సగానికి పైగా ఈ రెంటి గురించే.

జూన్ మొదటి వారం: మొక్కను పోల్చుకోవడం

కావలసింది తెల్లపూల గుంటగలగర, ఎక్లిప్టా ప్రోస్ట్రేటా. ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా, కాడ దాదాపు లేకుండా ఉంటాయి. సన్నగా, బల్లెపు మొనలా సాగి, వేలితో రాస్తే గరుకుగా తగులుతాయి. కాండం కొంచెం ఎరుపు, ఊదా కలిసిన రంగు. పువ్వు చిన్న తెల్లటి గుండీ అంత, అర అంగుళానికి లోపే. రేకులు సన్నగా నూలుపోగుల్లా చాలా ఉంటాయి. పువ్వు అయిపోయాక పచ్చటి గుండ్రటి కాయ మిగులుతుంది, అదే ముదిరి నల్లబడుతుంది.

దీన్ని మూడు మొక్కలతో పొరబడతారు. మొదటిది గడ్డిచామంతి. దాని పువ్వు పొడవాటి కాడ చివర ఒంటరిగా నిలబడుతుంది, మధ్యలో పసుపు, చుట్టూ ఐదారు వెడల్పాటి తెల్లరేకులు. విత్తనాలకు దూది లాంటి కుచ్చు ఉండి గాలికి ఎగిరిపోతాయి. దాన్ని కొన్నిచోట్ల పలకాకు అంటారు. పిల్లలు పలకలు నల్లబడాలని రుద్దిన ఆకుల్లో అదీ ఉంది, గుంటగలగరా ఉంది. పొరపాటుకు అదో కారణం. రెండోది పొన్నగంటి. అదీ తడినేలలోనే పెరుగుతుంది, ఆకులు ఎదురెదురే, కానీ నున్నగా ఉంటాయి. తెల్లపూలు కాడ లేకుండా కణుపుకే అతుక్కుని ఉంటాయి. మూడోది నర్సరీల్లో భృంగరాజ అని, అంటే గుంటగలగర సంస్కృత పేరుతో, చేతిలో పెట్టే పసుపుపూల తీగ. రోడ్డు డివైడర్ల మీద పరిచినట్టు పాకే మొక్క అదే, ఆకు చివర మూడు పాయలుగా చీలినట్టు ఉంటుంది. పసుపుపూల గుంటగలగర అని వైద్యులు వాడే మొక్క వేరే ఉంది గానీ, నర్సరీలో దొరికేది ఎక్కువగా ఈ డివైడర్ మొక్కే. పసుపు పువ్వు కనిపిస్తే కొనకపోవడం మేలు.

ఇంకా అనుమానముంటే పసరు పరీక్ష చేయొచ్చు. నాలుగాకులు తుంచి అరచేతిలో నలిపి వదిలేయాలి. పచ్చటి పసరు గాలి తగిలి కొద్ది నిమిషాల్లోనే నల్లబడుతుంది. కాండాన్ని గోటితో గీరినా గీత నల్లగా తేలుతుంది. పచ్చబొట్టు పొడిచేవాళ్లు ఈ పసరు వాడింది ఆ నలుపు కోసమే. ఇదొక్కదాన్నే నమ్ముకోకుండా పువ్వు, ఆకు, పసరు మూడూ చూసుకోవాలి.

జూన్ రెండో వారం: టబ్బులు, మట్టి

45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 లోతు ఉన్న ప్లాస్టిక్ టబ్బులు మూడు. వేళ్లు పైపైనే పరుచుకుంటాయి కాబట్టి ఇంతకంటే లోతు దండగ. ఒక్కో టబ్బుకు 20 లీటర్లకు కొంచెం పైగా మట్టి పడుతుంది.

రంధ్రాలు మామూలు కుండీలకు పెట్టినట్టు అడుగున పెట్టకూడదు. అడుగు నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తులో, పక్క గోడలకు, ఒక్కో వైపు రెండేసి చొప్పున పెట్టాలి. అప్పుడు అడుగున కొంత నీరు నిలిచి, మట్టి దాన్ని పైకి పీల్చుకుంటూ ఉంటుంది. మే ఎండలో మధ్యాహ్నానికి మొక్క తల వాల్చకుండా కాచేది ఆ నిల్వే. ఇదే కారణంగా అడుగున గులకరాళ్లు, ఇటుక ముక్కలు పరచకూడదు. మధ్యలో రాళ్లుంటే తడి పైకి ఎక్కదు. నీరు మట్టిలోపలే ఉండి పైన నిలవకపోతే దోమల బెడద కూడా ఉండదు.

మట్టి పాళ్లు కొలతలో: చెరువు మట్టి లేదా తోట మట్టి రెండు, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి, నానబెట్టి పిండిన కొబ్బరిపొట్టు ఒకటి. ఇసుక అక్కర్లేదు, అది తడిని జారవిడుస్తుంది. ఒట్టి నల్లరేగడి అయితే ఒక్క పూట ఎండకే నెర్రెలిచ్చి వేళ్లను తెంపుతుంది. ఎరువు మాగకపోతే ఆ వేడికి లేతవేళ్లు మాడతాయి. చేత్తో నలిపితే పేడ వాసన రాకూడదు, వానకు తడిసిన మట్టి వాసన రావాలి.

జూన్ మూడో వారం: విత్తనం, కొమ్మ

రెండు టబ్బులకు కొమ్మలు, ఒకదానికి విత్తనం. కొమ్మతో నెల రోజులు ముందే కోతకొస్తుంది. విత్తనంతో వచ్చిన మొక్క గుబురుగా పెరిగి ఎక్కువ కోతలు ఇస్తుంది.

కొమ్మ ముక్క 10 నుంచి 12 సెంటీమీటర్లు, మూడు నాలుగు కణుపులు ఉండాలి. పూత రాని కొమ్మైతే మంచిది. కింది రెండు కణుపుల ఆకులు తీసేసి ఆ రెండూ మట్టిలోకి దిగేలా కొంచెం వాల్చి నాటాలి. వేరు పుట్టేది కణుపు దగ్గరే. ఒక్క కణుపే లోపల ఉండి అది కుళ్లితే ముక్కంతా పోయినట్టే. వారం పది రోజుల్లో వేరు పడుతుంది. అప్పటిదాకా నీడలో ఉంచాలి, మట్టి ఎప్పుడూ తడిగా కనిపించాలి.

విత్తనం దగ్గర ఎక్కువమంది తప్పేది ఒకేచోట: మట్టి కప్పేస్తారు. గుంటగలగర గింజకు మొలవడానికి వెలుతురు కావాలి, చీకట్లో మొలవదు. అందుకని చారెడు సన్న ఇసుకలో చిటికెడు గింజలు కలిపి తడిమట్టి మీద చల్లి, అరచేత్తో అద్ది వదిలేయాలి. రోజ్ క్యాన్‌తో పోసినా గింజ ఒక మూలకు కొట్టుకుపోతుంది, స్ప్రేయర్‌తోనే తడపాలి. పైన పల్చటి పారదర్శక ప్లాస్టిక్ కాగితం వదులుగా కప్పితే తేమ నిలుస్తుంది, వెలుతురూ పడుతుంది. మొలక కనిపించగానే కాగితం తీసేయాలి, లేకపోతే లోపలి ఉక్కకు మొలకలు మొదట్లోనే కుళ్లి పడిపోతాయి. జూన్ వేడిలో మొలక రావడానికి వారం నుంచి పది రోజులు. చీమలు గింజల్ని మోసుకుపోతుంటే టబ్బును నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టిన ఇటుకల మీద పెడితే సరి. పళ్లెంలో నీళ్లు మాత్రం రెండు రోజులకోసారి పారబోసి కొత్తవి పోయాలి.

జూలై: నాటు, నీళ్లు, ఎండ

నారు నాలుగాకులు దాటాక టబ్బుకు ఆరు మొక్కలు, మధ్యలో 15 సెంటీమీటర్లు. దగ్గరగా వేస్తే కింది ఆకులకు గాలాడక మచ్చతెగులు పడుతుంది.

ఎండ బాగా కావాలి. బాల్కనీలో నీడన పెంచితే కణుపులు దూరదూరంగా సాగి, కాండమే తప్ప ఆకు ఉండదు. నూనెకు పనికొచ్చేది ఆకు. పొడవు చూసి సంతోషపడితే కోతనాడు తూకంలో తెలిసొస్తుంది. ఏప్రిల్, మేలలో మాత్రం మధ్యాహ్నం తర్వాత 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ అవసరం.

వానల్లేని రోజుల్లో పొద్దున ఒకసారి పక్క రంధ్రాల్లోంచి నీరు కారేదాకా పోయాలి. ఎండాకాలంలో సాయంత్రం కూడా. ఎరువుగా నెలకోసారి టబ్బుకు రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు చాలు. యూరియా జోలికి వెళ్లొద్దు. ఆకు పెద్దదై నీరుబట్టినట్టు మెత్తగా అవుతుంది, పేనుబంక వెతుక్కుంటూ వస్తుంది, నూనె కాచేటప్పుడు ఆ నీరంతా మనమే ఇగరబెట్టాలి.

ఆగస్టు: పురుగు, తెగులు

చిగుళ్లలో పేనుబంక, కణుపుల దగ్గర పిండినల్లి. మొదట నీటిధారతో కడిగేయడం, తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టడం. కొట్టాక కోతకు కనీసం పది రోజుల ఎడం ఉండాలి, లేకపోతే పచ్చడిలో వేపచేదు దిగుతుంది.

ఆకు ఈనెలు పసుపురంగు వలలా తేలితే అది వేపనూనెకు లొంగేది కాదు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. మినుము, బెండల్లో రైతులు పల్లాకు అనే తెగులు తరహాదే. ఆ మొక్కను వేళ్లతో పీకి దూరంగా పారేయాలి, దాని కొమ్మలు నాటుకు వాడొద్దు. పక్కన బెండ, టమాటా కుండీలుంటే ఎడంగా జరపాలి.

చలికాలంలో బూడిద తెగులు వస్తుంది. మచ్చలున్న ఆకులు తీసేసి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోస్తే సరిపోతుంది.

ఆగస్టు ఆఖరు, సెప్టెంబరు: కోత

కొమ్మ నాటిన టబ్బులు ముందు, విత్తనపుది తర్వాత. పూత మొదలైన వారం లోపల, మంచు ఆరాక ఉదయం కోయాలి. కత్తెరతో నేలకు 5 సెంటీమీటర్ల పైన, రెండు కణుపులు మిగిలేలా. ఆ కణుపుల్లోంచే పిలకలొచ్చి నాలుగైదు వారాల్లో మళ్లీ కోతకొస్తుంది. పూత ముదిరి కాయలు నల్లబడే దాకా ఆగితే ఆకు తగ్గి పుల్ల ఎక్కువవుతుంది.

మూడు టబ్బుల నుంచి కలిపి ఒక కోతకు అరకిలో పైచిలుకు పచ్చి ఆకు, లేతకాడలు వస్తాయి. నూనె కొలత దీన్ని బట్టే వేసుకున్నది. రెండు నీళ్లలో కడిగి, గుడ్డ మీద పరిచి పై తడి ఆరనివ్వాలి. రాత్రంతా కుప్పగా వదిలేస్తే మధ్యలో వేడెక్కి మగ్గిపోతుంది. ఎండబెట్టి దాచాలంటే నీడలోనే. ఆకు నల్లబడితే కంగారు పడొద్దు, దాని స్వభావమే అది. బూజు వాసన వస్తే మాత్రం పారేయాలి.

సెప్టెంబరు: నూనె కాచడం

పాత ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహిత లెక్కలో తైలపాకానికి, అంటే మందునూనె కాచడానికి, నూనెకు నాలుగు రెట్లు ద్రవం. ద్రవం నీళ్లయితే కల్కం, అంటే నూరిన ముద్ద, నూనెలో నాలుగోవంతు, కషాయమైతే ఆరోవంతు, పచ్చి రసమైతే ఎనిమిదోవంతు. ఆ ప్రకారం పావులీటరు నూనెకు లీటరు అచ్చమైన గుంటగలగర రసం, 30 గ్రాముల ముద్ద కావాలి. నీళ్లు కలపని లీటరు రసానికి రెండున్నర, మూడు కిలోల ఆకు పడుతుంది. మూడు టబ్బులతో అది అయ్యేది కాదు. కాబట్టి ఇంటికి కుదించిన లెక్క ఇది, శాస్త్రంలో చెప్పినదానికంటే పలుచన అని ఒప్పుకుని చేసుకునేది:

గానుగ నువ్వుల నూనె 250 మిల్లీలీటర్లు, పచ్చి ఆకు 500 గ్రాములు, నీళ్లు 750 మిల్లీలీటర్లు, కల్కానికి విడిగా 30 గ్రాముల ఆకు.

ఆకును కొద్దికొద్దిగా, నీళ్లు పోస్తూ మిక్సీలో మెత్తగా తిప్పి మల్లుగుడ్డలో పిండితే లీటరు అటూఇటుగా రసం దిగుతుంది. రసం తీశాక ఆలస్యం చేయకూడదు. వాతావరణం వేడిగా ఉంటే కొన్ని గంటల్లోనే పులిసిన వాసన కొడుతుంది, ఆ వాసన కాచినా పోదు. విడిగా ఉంచిన ఆకును నీళ్లు దాదాపు లేకుండా ముద్దగా నూరాలి.

గిన్నె: మందపాటి ఇనుప మూకుడు, కనీసం నాలుగు లీటర్లు పట్టేది. ఆకు పసరు విపరీతంగా పొంగుతుంది. చిన్న గిన్నెలో పెడితే పొంగిన నూనె మంట మీద పడుతుంది. నూనె, రసం, ముద్ద మూడూ చల్లగా ఉన్నప్పుడే కలిపి తర్వాత పొయ్యి వెలిగించాలి. కాగిన నూనెలో రసం పోస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై నూనెను ముఖం మీదకు చిమ్ముతుంది. ఈ ఒక్క వరసనూ తారుమారు చేయకూడదు. పిల్లల్ని వంటింటి బయట ఉంచి, పొయ్యి దగ్గర మనిషి కదలకుండా కాయాలి.

మొదట మధ్యస్థంగా, పొంగు వచ్చాక సన్నసెగ. చెక్క గరిటెతో అడుగు తాకేలా తిప్పుతూ ఉండాలి. మడ్డి అడుగున పేరుకుని మాడితే నూనెంతా మాడు వాసన. ఈ కొలతకు రెండు నుంచి మూడు గంటలు పడుతుంది. తొందరపడి మంట పెంచితే ముద్ద పైన మాడి లోపల తడి మిగులుతుంది. అదే నూనె తర్వాత సీసాలో పాడయ్యేది.

ఎప్పుడు దించాలన్నదే అసలు పని. నీరున్నంతసేపూ మిశ్రమం 100 డిగ్రీల దగ్గరే ఆగి ఉంటుంది, ఎంతసేపు కాచినా పెద్దగా పెరగదు. నీరు అయిపోగానే వేడి చకచకా ఎక్కుతుంది. వంటింటి థర్మామీటరుంటే 110 దాటాక కళ్లు పక్కకు తిప్పొద్దు, 120 లోపల దించేయాలి. థర్మామీటరు లేకపోతే పాత పద్ధతులు మూడున్నాయి, మూడూ కలిపి చూడాలి. కొంచెం ముద్దను గరిటెతో తీసి చల్లార్చి వేళ్ల మధ్య నలిపితే వత్తిలా చుట్టుకోవాలి, అది మధ్యమపాకం. వేలికి అతుక్కుంటే ఇంకా తడి ఉంది, దీన్ని మృదుపాకం అంటారు. ఇసుకలా పొడిపొడిగా రాలితే ఖరపాకం, దాటిపోయినట్టే. రెండోది, ఆ వత్తిని మంట మీద పెడితే చిటపటలాడకుండా కాలాలి. చిటపట అంటే లోపల నీరుందని. మూడోది నురగ. మొదట్లో లేచేది పెద్ద బుడగల పచ్చనురగ, దాన్ని లెక్కచేయొద్దు. బుడగలు సద్దుమణిగాక చివర్లో సన్నటి తెల్లనురగ నూనె మీద పరుచుకుంటుంది. తైలంలో పాకం వచ్చినప్పుడు నురగ లేస్తుంది, నెయ్యిలో అయితే నురగ అణుగుతుంది. నెయ్యి కాచిన అలవాటుతో నూనెలో నురగ పోయేదాకా ఆగితే మాడ్చుకుంటారు.

తలకు రాసే నూనె కొంచెం ముదురుపాకమైనా పరవాలేదంటారు గానీ, ఇంటి పొయ్యి మీద ఖరపాకానికీ మాడుకూ మధ్య ఉన్న సమయం చాలా తక్కువ. మధ్యమపాకం దగ్గర ఆపడమే క్షేమం. పొయ్యి కట్టేసినా ఇనుప మూకుడు వేడి వదలదు, అందుకని వెంటనే కిందికి దించాలి.

గోరువెచ్చన అయ్యాక పొడి మల్లుగుడ్డలో వడకట్టాలి. గుడ్డ, గరాటు, సీసా, చేతులు అన్నీ ఎముకలా ఆరి ఉండాలి. రాత్రంతా ఇనుప మూకుడులోనే వదిలేయొద్దు, ఇనుము నూనెను త్వరగా ముక్కిపోయేలా చేస్తుంది. 250 పోస్తే 200 పైన దిగుతుంది, మిగతాది ముద్ద పట్టుకుంటుంది. రంగు ముదురు ఆకుపచ్చకీ గోధుమకీ మధ్య ఉంటుంది. నిగనిగలాడే చిలకపచ్చ రావాలని చూడొద్దు.

సీసాను రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి అడుగు చూడాలి. అడుగున గుండ్రటి నీటిబొట్లు కనిపిస్తే నూనె మళ్లీ మూకుడులో పోసి సన్నసెగ మీద చిటపట ఆగేదాకా కాచాలి. అడుగున సన్నటి నల్లమడ్డి మాత్రమే ఉంటే పై తేటను వేరే సీసాలోకి వంచుకుంటే చాలు. ముదురురంగు గాజుసీసా, వెలుతురు తగలని చోటు. మూడు నాలుగు నెలల్లో వాడేయడం మంచిది. ముక్కిపోయిన వాసన, మసక ఏది కనిపించినా దీపానికి కూడా ఆశపడకుండా పారేయాలి.

వాడకం

తొలిసారి మోచేతి మడతలో రెండు చుక్కలు రాసి ఒక రోజు చూడాలి. ఇది చామంతి కుటుంబపు మొక్క. వయ్యారిభామ తగిలితే దద్దుర్లొచ్చే ఒళ్లున్నవాళ్లు ఈ పరీక్ష తప్పనిసరిగా చేసుకోవాలి. పడితే వారానికి ఒకటి రెండుసార్లు, మనిషికి 5 నుంచి 10 మిల్లీలీటర్లు కుదుళ్లకు రాసి, అరగంట నుంచి గంట ఉంచి కుంకుడుకాయతో రుద్దుకోవడం. చుండ్రు జిగటగా పట్టినవాళ్లకు ఏ నూనె అయినా దాన్ని పెంచొచ్చు, వాళ్లు చర్మవైద్యుణ్ని అడగడమే సరి.

ఈ నూనెతో నెరిసిన జుట్టు నల్లబడదు. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో వెంట్రుకలు త్వరగా మొలిచినట్టు తేలింది, మనుషుల మీద అంత గట్టి రుజువు లేదు. కుదుళ్లు పొడిబారకుండా, చిక్కు తక్కువగా ఉండేందుకు చేసుకునే నూనెగా చూస్తే నిరాశ ఉండదు.

లోపలికి తీసుకోవడం వేరే సంగతి. కామెర్లకు గుంటగలగర, నేలఉసిరి పసరు పోయడం మన ఊళ్లలో ఇంకా ఉంది. కామెర్లన్నీ ఒకటి కావు. హెపటైటిస్ వైరస్సా, పిత్తనాళంలో రాయా, మందుల వికటింపా అన్నది రక్తపరీక్ష, స్కానింగ్ చెప్పాల్సిందే. పసరుతో వారాలు గడిపితే ఆ వారాలే కాలేయానికి చేటు. గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు రసం తాగొద్దు.

అక్టోబరు: రెండో కోత, పచ్చడి

రెండో కోతలో సగం ఆకు నూనెకు, లేత చివుళ్లు పచ్చడికి. రెండు గుప్పిళ్ల ఆకును చెంచా నూనెలో తడి ఇగిరేదాకా వేయించి, విడిగా వేయించిన ఆరు ఎండుమిర్చి, చెంచా మినప్పప్పు, అరచెంచా జీలకర్ర, నిమ్మకాయంత చింతపండులో సగం, ఉప్పు వేసి రోట్లో నూరడమే. ఆకు తడిగా ఉండగా నూరితే పసరు వాసన పోదు. ముదురాకు చేదు, అది వద్దు. నోరు, రోలు నల్లబడతాయి, కడిగితే పోతుంది.

ఈ పసరులో గుడ్డ తడిపి ఆరబెట్టి, వత్తి చేసి ఆముదంతో వెలిగించి పట్టే కాటుక కూడా తెలిసిందే. పసిపిల్లల కళ్లకు ఇంటి కాటుక పెట్టొద్దని వైద్యులు చెబుతున్నారు కాబట్టి ఈ ప్రాజెక్టులో అది చేర్చలేదు.

నవంబరు, డిసెంబరు: విత్తనం

ఒక టబ్బులో రెండు మొక్కల్ని కోయకుండా కాయకు వదలాలి. కాయ సగం నల్లబడగానే కింద కాగితం పట్టి వేలితో తడితే గింజలు రాలతాయి. పూర్తిగా నల్లబడేదాకా ఆగితే అవే రాలి పక్క కుండీలన్నిట్లో మొలుస్తాయి. గులాబీ కుండీలో గుంటగలగర పీకడం నెలల తరబడి పని. గింజల్ని నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టి, కాగితం కవరులో, పైన నెల రాసి పెట్టుకోవాలి. చలికి ఎదుగుదల మందగిస్తుంది, ఈ రెండు నెలలు ఎరువు ఆపి నీళ్లు తగ్గించొచ్చు. జనవరి ఆఖరున టబ్బులోని మట్టిలో మూడోవంతు తీసేసి కొత్త ఎరువు, మట్టి కలిపి, పాతమొక్కల పిలకల నుంచే కొమ్మలు నాటుకోవాలి.